ఇల్లుబండిలో ఉప్పూ పప్పూ

పెళ్ళయిన మరుసటేడు మస్కట్ పోయిన జలపతి, కూతురు రచన జగిత్యాలలో ఉద్యోగంలో చేరిన ఏడు పూర్తిగా తిరిగి వచ్చేశాడు. మధ్యలో సెలవుల మీద వచ్చి వెళ్ళిన నెలలన్నీ కలిపినా, భార్య జమునతో అతను ఒకే కప్పు కింద ఉన్నది రెండేళ్ళకు మించదు. అక్కడ ఎడారిలో రోడ్లు వేసేవాళ్ళ క్యాంపులకు నీళ్ళ ట్యాంకరు తోలేవాడు. ఇక్కడ రాయికల్‌లో జమున ఉన్న కాస్త పొలం చూసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా బీడీలు చుడుతూ, కూతుర్ని చదివించుకుంది.

ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడుకున్న మొగుడూ పెళ్ళాలకు, ఎదురెదురుగా కూర్చుంటే మాట దొరికేది కాదు. ఒకనాడు అతను పొలం గట్టు మీద నుంచి ఫోన్ చేసి, నారు ఎట్లా ఉందో, కొంగలు ఎట్లా వాలాయో బోలెడు సేపు చెప్పాడు. ఆమె కూడా నవ్వుతూ ఏదేదో చెప్పింది. తీరా అతను ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక, ఇద్దరూ ఒక్క మాటైనా లేకుండా అన్నం తిని లేచారు.

అట్లాంటి రోజుల్లోనే జలపతి జగిత్యాల పోయి, ఒక బడివాళ్ళు అమ్మేసిన పాత వ్యాను కొనుక్కొచ్చాడు. రచన సెల్‌ఫోన్‌లో చూపించిన వీడియోలు అతని తలలో తిరుగుతున్నాయి. వ్యానునే ఇల్లుగా చేసుకుని, అందులోనే వండుకు తింటూ, పడుకుంటూ, దేశమంతా తిరిగేవాళ్ళ వీడియోలు అవి. సీట్లన్నీ పీకేయించి, కోరుట్లలో తనతో చదువుకున్న వడ్రంగి భూమేశ్ దగ్గర బండి పెట్టాడు. భూమేశ్ అందులో మంచం కట్టాడు, మంచం కింద పెట్టెలు చేశాడు, స్టవ్ పెట్టుకోవడానికి ఒక బల్ల, దాని పైన చిన్న అలమర. వాడలో పిల్లలు దానికి ఇల్లుబండి అని పేరు పెట్టారు.

ఎక్కడికి పోవడానికని జమున అడిగింది. రామేశ్వరం అన్నాడు. ఎప్పుడో టీవీలో చూసి, సముద్రం మధ్యలో నుంచి రైలు పోతుందంట, చూడాలని ఉందని ఆమె ఫోన్లో అన్నదట. అన్నట్టు ఆమెకు గుర్తే లేదు.

"బస్సుకో రైలుకో పోతే కాదా మరి?" అంది.

"బస్సు వాడు ఆపినకాడ దిగాలె. మన బండైతే నువ్వు ఆపుమన్న కాడ ఆపుత," అన్నాడు.

ఆ మాట ఆమెకు నచ్చింది. కానీ అంత దూరం పోవాలని ఆమెకు లేదు. సిరిసిల్లలో పెంటయ్య ఇంటి దాకా పోయి, మోకాలు నొస్తుందని చెప్పి వెనక్కి మరలిపోదామని మనసులో అనుకుంది. పెంటయ్య మస్కట్‌లో జలపతితో ఒకే గదిలో ఉన్నవాడు. మగ్గాలు సరిగ్గా నడవని కాలంలో ఆ దేశం పోయి, తర్వాత తిరిగొచ్చి మళ్ళీ ఆ మరమగ్గాల మీదే పని చేస్తున్నాడు. అతని భార్య లసుమవ్వకు జమున ఫోన్ చేసి తన ఆలోచన చెప్పింది కూడా. సరే వదినా, నేనూ వంత పాడతానని లసుమవ్వ మాట ఇచ్చింది.

బండిలో సామాను సర్దడం దగ్గర మొదటి తగువు వచ్చింది. జమున ఇంట్లో ఉన్న స్టీలు డబ్బాలన్నీ కడిగి, ఎండబెట్టి, బియ్యం, కందిపప్పు, పెసరపప్పు, కారం, పసుపు, చింతపండు నింపింది. సకినాలు, మురుకులు చేసింది. అవన్నీ అలమరలో వరసగా, ఇంట్లో ఉన్నట్టే ముచ్చటగా పేర్చింది. జలపతి చూసి, బరువంతా కిందికి, రెండు చక్రాల నడుమకు రావాలని చెప్పాడు. వంట సంగతి నాకు చెప్పకని ఆమె అంది. డబ్బాలు అలమరలోనే ఉండిపోయాయి.

అలవాటు కోసమని ఒకసారి కోరుట్ల దాకా పోయి వచ్చారు. దారంతా స్టీలు డబ్బాలు బ్యాండు మేళంలా మోగాయి. ఒక స్పీడు బ్రేకరు దగ్గర అలమర తలుపు తెరుచుకుంది. పసుపు డబ్బా మూత ఊడి, కొత్త పరుపంతా పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టిన పీటలా పచ్చగా అయిపోయింది. సకినాలు సగానికి సగం ముక్కలయ్యాయి. ఇంటికొచ్చి తలుపు తీసి చూసి జమున మొహం చిన్నబుచ్చుకుంది. జలపతి గొంతులో నవ్వు ఆపుకుంటున్నాడని కనిపెట్టి, ముందు కోపంగా చూసింది, తర్వాత తనే నవ్వేసింది. అతను వచ్చాక ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత అతనికి తెలిసింది అతను చెప్పాడు, ఆమెకు తెలిసింది ఆమె చెప్పింది. బండి రేకు ఎండకు ఎంత కాగుతుందో అతనికి తెలుసు. ఇంటి ముందర రెండు రోజులు ఎండలో నిలబెడితే బెల్లం కరిగి పెట్టె సందుల్లోంచి కారింది, దాని వెంట చీమలు బారులు కట్టాయి. పల్లీలు ముక్కవాసన కొట్టాయి. నూనె ఉన్న గింజలు ఇంజను పక్కన ఉండొద్దని, నీడ పడే వైపు పెట్టాలని అతను చెప్పాడు. మూతకు నాలుగు వైపులా బిగింపులున్న ప్లాస్టిక్ డబ్బాలు జగిత్యాల నుంచి తెచ్చాడు. బియ్యం ప్లాస్టిక్‌లో చెమర్చి మాగిన వాసన వస్తాయని ఆమె ఒప్పుకోలేదు. ఆ సంగతి పెంటయ్యతో అంటే, వారం తిరగకముందే లసుమవ్వ దళసరి నూలు గుడ్డతో సంచులు కుట్టి బస్సులో పంపించింది. మూతికి నాడా ఉన్న చిన్నా పెద్దా సంచులు. బియ్యం ఆ సంచుల్లో పోసి, నడుమ నాలుగు ఎండుమిరపకాయలు వేసి, జమున మూతి బిగించింది. కందిపప్పుకు ఆముదం చేత్తో పట్టించి ఆరబెట్టింది. వేపాకు ఎండబెట్టి పెసరపప్పులో కలిపింది. కారం, పసుపు మాత్రం అతను తెచ్చిన బిగింపు డబ్బాల్లోకి పోయాయి.

సర్దేటప్పుడు జమున అతని చేతులనే చూస్తూ కూర్చునేది. ఎక్కడా సందు వదలడు. పెద్ద సంచి పక్కన మిగిలిన చోటులో ఉప్పు పొట్లం, దాని పక్కన మిరియాలు. అన్నీ పెట్టాక పెట్టెను అరచేత్తో అటూ ఇటూ ఊపి, ఏదీ కదలకపోతే తృప్తిగా మూత వేస్తాడు. ఇంత నేర్పు ఎక్కడిదని అడిగితే, అక్కడ లారీలోనే వండుకునేవాళ్ళమని, లారీ పక్కన ఒక పెట్టె ఉంటుందని చెప్పాడు. అయితే ఒకటి ఆమెకు అర్థం కాలేదు. పోయి వచ్చేది పక్షం రోజుల ప్రయాణం. అతను నింపింది ఇంటిల్లిపాదికి నెల రోజులు వస్తుంది. అది కాక డ్రైవరు సీటు కింద పుట్నాలూ బెల్లమూ, స్టెప్నీ వెనక అటుకులు, తలుపు జేబులో మళ్ళీ పుట్నాలు.

"ఎలుక లెక్క దాస్తున్నవేందయ్యా?" అని ఆమె నవ్వింది.

ఈసారి అతను నవ్వలేదు. ఏదో పని ఉన్నట్టు బయటికి పోయాడు.

వానాకాలం అయిపోవస్తుండగా ఒక పొద్దున బయలుదేరారు. రచన జగిత్యాల నుంచి వచ్చి, జ్వరం గోలీలూ మోకాళ్ళ నూనే ఇచ్చి, రోజూ ఫోన్ చేయకపోతే ఊరుకోనని చెప్పి సాగనంపింది. కోరుట్లలో భూమేశ్ అలమర గడియ మరోసారి బిగించి, చాయ్ తాగించి పంపాడు. అక్కడే వాన మొదలైంది. కథలాపూర్ దాటేసరికి అద్దం ముందు ఏమీ కనపడనంత కొట్టింది. చందుర్తి ఇంకా కొంచెం దూరం ఉందనగా, వాగు మీద ఎత్తు తక్కువ వంతెనపై నుంచి ఎర్రటి నీళ్ళు పొంగుతున్నాయి. జలపతి బండి తిప్పాడు. తాము అరగంట కింద దాటి వచ్చిన చిన్న ఒర్రె నీళ్ళు కూడా అప్పటికే రోడ్డు ఎక్కాయి. రెంటి నడుమ కాస్త మెరకగా ఉన్న రోడ్డు ముక్క మీద ఇల్లుబండి చిక్కుకుపోయింది. దానితో పాటు కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే పల్లెవెలుగు బస్సు కూడా.

బస్సు కండక్టరు స్రవంతి అనే ముప్పై ఏళ్ళ అమ్మాయి. డిపోకు ఫోన్ చేసి మాట్లాడింది. నీళ్ళు తగ్గేదాకా ఎవరూ ఏమీ చేయలేరని, తెల్లారవచ్చని అక్కడివాళ్ళు చెప్పారట. ఆ మాట తను బస్సులోని వాళ్ళకు చెప్పి, గొడుగు పట్టుకుని వచ్చి జలపతి వాళ్ళకూ చెప్పి పోయింది. మధ్యాహ్నం దాటింది. బస్సు కిటికీ అద్దాల వెనక చిన్న పిల్లల మొహాలు కనపడుతున్నాయి.

"బస్సుల పిల్లలున్నరు. అటుకులు తీయనా?" అంది జమున.

"జర ఆగు. నీళ్ళు ఎప్పుడు దిగుతయో ఎర్కలేదు."

"దిగకుంటే? మనం తింటుంటే వాళ్ళు సూస్కుంట కూసుంటరా?"

 జలపతి మంచం మీద కూర్చుని, కింద పెట్టె మూత మీద చెయ్యి ఆనించి ఉన్నాడు. జమునకు ముందు కోపం వచ్చింది. సెలవు మీద వచ్చినప్పుడల్లా వాడకంతా సబ్బులూ ఖర్జూరాలూ పంచిపెట్టిన మనిషి ఇతను. అంతలోకే అతని మొహం చూసింది. బయట అంత చల్లగా ఉంటే అతని నుదుటి మీద చెమట పట్టి ఉంది. ఆమె పోయి పక్కన కూర్చుంది.

కాసేపటికి ఎవరో తలుపు తట్టారు. ఒక ముసలామె, నెత్తిన యూరియా సంచి కప్పుకుని వానలో నిలబడి ఉంది. పేరు చిన్నవ్వ అంది. చందుర్తిలో బిడ్డ కొత్తిల్లు కట్టుకుంటే గృహప్రవేశానికి పోతోంది.

"కొన్ని ఉడుకునీళ్ళు ఉంటే ఇస్తవా కొడుకా? షుగర్ గోలి ఏసుకోవాలె."

జలపతి లేచి ఆమెను లోపలికి ఎక్కించి మంచం మీద కూర్చోబెట్టాడు. స్టవ్ వెలిగించి నీళ్ళు పెట్టాడు. ఏమైనా తిన్నావా అవ్వా అని అడిగాడు. బిడ్డ ఇంట్లో తిందామని పొద్దున చాయ్ మీద బయలుదేరానని ఆమె చెప్పింది. తినకుండా గోలి వేసుకుంటే కళ్ళు తిరుగుతాయని అతను, ఆమె వద్దంటున్నా వినకుండా, అటుకులు తడిపి, ఉప్పూ కారం పల్లీలూ కలిపి పళ్ళెంలో పెట్టి ఇచ్చాడు. చిన్నవ్వ సగం తిన్నది. మిగతా సగం కొంగులో మూట కట్టుకుంది.

"మొత్తం తిను అవ్వా," అన్నాడు.

"నాకు సాలు. నా పక్క సీటుల ఒక చిన్న పిల్ల ఉన్నది. పొద్దటి సంది బిస్కెటు తప్ప ఏం తినలె. దానికి పెడుత," అంది ఆమె. నీళ్ళు తాగి, గోలి మింగి, మళ్ళీ సంచి కప్పుకుని, కొంగు మూట తడవకుండా పొట్టకు ఆనించుకుని బస్సు వైపు పోయింది.

జలపతి తలుపు దగ్గరే నిలబడి ఆమె బస్సెక్కేదాకా చూశాడు. తర్వాత వచ్చి కూర్చుని, జమున వైపు చూడకుండా చెప్పడం మొదలుపెట్టాడు.

"ఒకసారి ట్యాంకరు ఇసుకల దిగబడ్డది. తుఫాను లేసి తొవ్వ కనపడలె, యాడికో పోయిన. ఫోను అందలె. ఎనక నీళ్ళు ట్యాంకరు నిండ ఉన్నయి. తిందమంటేనే ఏం లేదు. నువ్వు పంపిన నువ్వుల పొడి సీస ఒక్కటి ఉండె. పొద్దుగాల ఒక చెంచ, మాపటికి ఒక చెంచ. నీళ్ళల్ల కలుపుకొని తాగిన."

"ఎన్ని దినాలు?"

"యాది లేదు. సీస కడిగి ఆ నీళ్ళు గూడ తాగిన. అటెన్క ఒంటెలు మేపెటోళ్ళు అచ్చిండ్రు."

"నాకు చెప్పలె నువ్వు."

"చెప్తే నువ్వు ఇక్కడ తినెదానివా?"

జమునకు ఒక ఫోను గుర్తుకు వచ్చింది. ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే నువ్వుల పొడి పంపించమని అతను అడిగాడు. సంవత్సరానికి సరిపడా పంపితే అప్పుడే అయిపోయిందా, క్యాంపు మొత్తానికి పెడుతున్నావా అని ఆమె అంది. అవునని అతను నవ్వాడు. అప్పటి నుంచి ఆమె ప్రతి మూటలో రెండు సీసాలు పెట్టేది, మొగుడు తిండిపోతయ్యాడని చుట్టుపక్కల వాళ్ళతో చెప్పి నవ్వుతూ. ఇంట్లో తను మూడు పూటలా తింటూ ఉన్న ఆ రోజుల్లో ఇతను ఒక సీసా కడుక్కుని తాగుతున్నాడు.  పెట్టె మూత మీదున్న అతని చేతి మీద తన చెయ్యి వేసింది. 

"నీ ఇష్టమే. తియ్యొద్దంటే తియ్య. నేనేమనుకోను," అంది.

జలపతి లేచి మంచం మీది పరుపు మడిచాడు. కింది పెట్టె మూత ఎత్తి, సంచులు ఒక్కొక్కటే పైకి తీయడం మొదలుపెట్టాడు.

"మనకాడ పెద్ద గిన్నె లేదు. గదే ఇప్పుడు కష్టం," అన్నాడు.

ఆ కష్టాన్ని చిన్నవ్వే తీర్చింది. బిడ్డకు పెట్టడానికి తీసుకుపోతున్న కొత్త గంజు బస్సులో ఆమె సీటు కింద ఉంది. పాతిక మందికి వండేంత గంజు. కొత్తింట్లోకి పోయే గంజును వాడటం బాగుండదేమోనని జమున సందేహిస్తే, బువ్వ ఉడికిన గంజు కంటే శుభం ఏముంటుందని చిన్నవ్వ అంది. వాన కొంచెం తెరిపి ఇచ్చింది. బండి వెనక తలుపులు బార్లా తెరిచి, బస్సు వైపు వాన పడకుండా ఒక తాడిపత్రి పట్టా కట్టి, స్టవ్‌ను రోడ్డు మీదికి దించారు. జమున బియ్యమూ పెసరపప్పూ కొలవకుండా చేతి అంచనాతో పోసి కిచిడీకి ఎసరు పెట్టింది. అంత పెద్ద గంజు చిన్న మంట మీద ఉడకడానికి ఎంత లేదన్నా చీకటి పడుతుంది.

ఈలోపల పిల్లలకు ఏదైనా పెట్టాలని, అటుకులు, పుట్నాలు, పల్లీలు, విరిగిన సకినాల ముక్కలు అన్నీ కలిపి చుడువా చేశారు. అది పట్టుకుని జలపతే బస్సులోకి ఎక్కాడు. సీటు సీటు దగ్గరా ఆగి, దోసిలి పట్టమని పోస్తుంటే, జమున కింద నుంచి అతని గొంతు విన్నది. ఎవరి పిల్లవే నువ్వు, ఏ ఊరు, ఇంకొంచెం పట్టు. సీటు కింది పుట్నాలు, స్టెప్నీ వెనక అటుకులు కూడా అతనే తీసుకుపోయాడు. ఆఖరుకు తలుపు జేబులోవీ అయిపోయాయి.

తినడానికి పళ్ళేలు లేవు. స్రవంతీ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ రోడ్డు పక్కన మోదుగాకులు కోసుకొచ్చి తుడిచారు. కిచిడీ మీద జమున మామిడికాయ తొక్కు వేసి పెట్టింది. బస్సులో దీపాలు వేసుకుని అందరూ తిన్నారు. బస్సు డ్రైవరు రెండోసారి పెట్టించుకుని, ఇంట్లో కూడా ఇంత వేడిగా తిని చాలా రోజులైందన్నాడు.

"రోజూ టికెట్లు నేను కొడ్త అక్కా. ఇయాల అందరికి నువ్వు బువ్వ టికెట్లు కొట్టినట్టున్నది," అని స్రవంతి జమునతో అంది. చేతులు కడుక్కున్నాక గంజు తనే తోమి, బోర్లించి పెట్టింది.

పిల్లలనూ చిన్నవ్వనూ ఇల్లుబండి మంచం మీద పడుకోబెట్టారు. జలపతి, జమున ముందు సీట్లలో ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. తెల్లవారి చూస్తే వంతెన మీద నీళ్ళు దిగి, బురదా కంపా మిగిలాయి. బస్సు ముందు దాటింది. చందుర్తిలో చిన్నవ్వ దిగేటప్పుడు గంజును చంకకు ఎత్తుకుని, వెనకే వస్తున్న ఇల్లుబండి కోసం ఆగింది. గృహప్రవేశానికి రమ్మని ఇద్దరినీ చేతులు పట్టుకుని పిలిచింది. తినకుండా పోతే బాగుండదని అక్కడ ఒక పూట ఆగారు.

సిరిసిల్ల చేరేసరికి పొద్దు వాలింది. పెంటయ్య వాడలో మగ్గాల చప్పుడుకు ఫోన్లో మాట వినపడదు. చెయ్యి ఊపుతూ అతను గల్లీ చివరే నిలబడి ఉన్నాడు. ముందురోజు నుంచి వీళ్ళ కోసం ఎదురుచూసి లసుమవ్వ రెండుసార్లు వండిందట. వానలో చిక్కుకున్న సంగతంతా జలపతి చెప్పాడు. ఇసుక సంగతి జమునకు తెలిసిందని కూడా చెప్పాడు. పెంటయ్య జమున వైపు తిరిగాడు.

"నాకు ఒట్టు పెట్టిండు చెల్లె, నీకు చెప్పొద్దని," అన్నాడు జమునతో.

అన్నాలైనాక లసుమవ్వ జమునను వంటింట్లోకి పిలిచి, మోకాలి మాట ఇప్పుడు ఎత్తమంటావా అని మెల్లగా అడిగింది.

"వద్దు వదినా. మోకాలు మంచిగైంది," అంది జమున.

మర్నాడు పొద్దున జలపతి ఉతికి ఆరేసిన ఖాళీ అయిన సంచులు మడిచి చంకన పెట్టుకుని కిరాణా దుకాణానికి బయలుదేరాడు. జమున కూడా వెంట నడిచింది. దుకాణంలో అతను ముందు బియ్యం బస్తా వైపు చూశాడు.

"రెండు దినాలకు తీస్కో," అంది జమున.

"అటెన్క?"

"అటెన్క ఏ ఊరు అస్తే గా ఊర్ల కొంటం. ఊర్లల్ల దుకాండ్లు ఉండయా? నేనున్న కదా, ఉపాసం ఉంచుతనా నిన్ను?"

దుకాణం అతను త్రాసు పట్టుకుని చూస్తున్నాడు. జలపతి చాలాసేపు సంచి మూతి నాడాతో ఆడుకుంటూ నిలబడ్డాడు. ఆఖరుకు నాలుగు రోజులకు కట్టమన్నాడు. జమున సరేనంది. సగానికి సగం ఖాళీగా ఉన్న పెట్టెల మీద పరుపు పరుచుకుని వాళ్ళు సిరిసిల్ల దాటారు. మొదటి రోజంతా అతను అద్దంలో వెనక్కి చూస్తూనే ఉన్నాడు. తర్వాత తర్వాత చూడటం తగ్గింది.

రామేశ్వరం చేరడానికి అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు పట్టాయి. ఏ ఊరు వస్తే ఆ ఊరి సంతలో దిగి, అక్కడి పప్పు ఎట్లా ఉందో, మిరపకాయ ఎంత ఘాటో కొరికి చూడందే జమున బండెక్కేది కాదు. కర్నూలు దాటాక కొర్రలు కొని వండింది. బండి ఆగిన చోటల్లా ఎవరితోనో మాట కలిపేది. జలపతి ఆమె మాటలు వింటూ, టైర్లు తట్టి చూసుకుంటూ నిలబడేవాడు.

ఆ దారిలోనే, అనంతపురం దాటినాక ఇంజను వేడెక్కితే ఒక చేను పక్కన ఆపారు. చేనులో వేరుశనగ పీకుతున్నారు. జలపతి రేడియేటరులో నీళ్ళు పోస్తుండగా జమున గట్టు దిగి ఆ ఆడవాళ్ళ దగ్గరికి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు కొంగు నిండా మట్టి అంటిన పచ్చి కాయలు తెచ్చింది. డబ్బులు ఇస్తానన్నా తీసుకోలేదట.

జలపతి అలవాటుగా లోపలికి పోయి సంచి ఒకటి తెచ్చాడు. ఎండబెడితే నెల్లాళ్ళు ఉంటాయని అన్నాడు.

"బండిల ఎండవు, బూజు పడ్తయి. ఇప్పుడే ఉడకబెడ్త," అని ఆమె కాయలు కడిగి, ఉప్పు వేసి, స్టవ్ మీద పెట్టింది.

అతను సంచి మడిచి లోపల పెట్టేశాడు. బండి మెట్టు మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. గిన్నె నడుమ పెట్టుకుని, వేళ్ళు కాలుతుంటే ఊదుకుంటూ, కాయలు ఒలుచుకుంటూ, ఒకరు చెప్పింది పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటూ మాట్లాడుకున్నారు. ఇంజను ఎప్పుడో చల్లబడింది. గిన్నెలో కాయలు అయిపోయేదాకా వాళ్ళు అక్కడ నుంచి లేవలేదు.